చెల్లి పెళ్లికి ఫొటోగ్రాఫర్: ఊళ్లో స్టూడియోనా, వైజాగ్ టీమా? రాత్రి ముహూర్తం, సలహా చెప్పండి

నాగావళి_గట్టు
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. మాఘంలో చెల్లి పెళ్లి, ముహూర్తం రాత్రి 1:48. మా వైపు చాలా ఇళ్లలో లాగే పెళ్లి మగపెళ్లివారింటి దగ్గరే, బొబ్బిలి పక్కన వాళ్ల ఊళ్లో. అంటే పెళ్లికూతుర్ని చేయడం, మంగళస్నానం ఇక్కడ మా ఇంట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక బస్సులు కట్టుకుని అక్కడికి వెళ్లడం. వంటలు, బస్సులు, సారె నాన్న చూసుకుంటున్నారు, ఫొటోల సంగతి మాత్రం "నీకు తెలుస్తాది కదా, నువ్వే చూడు" అని నా మీద పడేశారు.

ముగ్గుర్ని అడిగాను. ఒకటి మా అమ్మానాన్నల పెళ్లికి తీసిన స్టూడియో, ఇప్పుడు వాళ్లబ్బాయి నడుపుతున్నాడు, ఫొటో, వీడియో, ఆల్బమ్ కలిపి 70 వేలు. రెండోది వైజాగ్ టీమ్, ఇన్‌స్టాలో వాళ్ల రీల్స్ చూసి చెల్లి ఫ్లాట్ అయిపోయింది, లక్షా 60 వేలు, డ్రోన్ వేరే. మూడోది మా తమ్ముడి ఫ్రెండు, కొత్తగా కెమెరా కొన్నాడు, "ఎంతో కొంత ఇవ్వండన్నా" అంటున్నాడు. మా బడ్జెట్ లక్షా 20 వేలు, గట్టిగా లాగితే ఇంకో పది. నాన్నది ఊళ్లోవాడి పాట, చెల్లిది వైజాగ్ పాట. ఏం చూసి తేల్చుకోవాలి?

రాజాం_బుల్లోడు
మూడోవాడిని మాత్రం భోజనానికి పిలు బాబూ, కెమెరాకి వద్దు. "ఎంతో కొంత" అన్నోడితో తరవాత గట్టిగా మాట్లాడలేం, ఫొటోలెక్కడరా అని అడగడానికి కూడా మొహమాటం.

ఇంకోటి సెప్పు. పెళ్లి మగోళ్లింట్లో అంటున్నావు, మరి ఆళ్లకి వేరే ఫొటోగ్రాఫర్ లేడేటి?

నాగావళి_గట్టు
ఉన్నాడట అన్నా. బొబ్బిలిలో ఎవరికో చెప్పారట, అడ్వాన్స్ ఇచ్చారో లేదో తెలీదు. అయినా రెండు పక్షాలూ విడివిడిగానే కదా పెట్టుకుంటారు?

లెన్స్_మాస్టారు
నేను విజయనగరంలో ఇదే పనిలో ఉన్నాను, రీలు కెమెరాల కాలం నుంచి. మాఘంలో నా డేట్లన్నీ నిండిపోయాయి కాబట్టి నా స్వార్థం ఏమీ లేదు, ఉన్నమాట చెప్తాను.

శ్రీకాకుళమా వైజాగా అన్నది తరవాత. మీ అసలు సమస్య ఆ బుల్లోడు గారు అడిగిందే. రెండు పక్షాలు విడివిడిగా పెట్టుకుంటే మండపం మీద ఏం జరుగుతుందో చెప్తాను చూడండి. మీ ఫొటో, వీడియో ఇద్దరు, వాళ్ల ఫొటో, వీడియో ఇద్దరు, కాండిడ్, అంటే పోజులు లేకుండా తీసే కుర్రాళ్లు ఒకరో ఇద్దరో, లైటు పట్టుకునేవాడు ఒకడు. పంతులుగారు, కన్యాదాతలు, తెర పట్టుకున్న ఇద్దరు బావమరుదులు, పక్కన పెద్దమ్మలు సరే సరి. ముహూర్తం దగ్గర పడుతుంది, సన్నాయివాళ్లు గట్టిమేళం అందుకుంటారు, పెళ్లికూతురు తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద పట్టుకుని చెయ్యి పైకెత్తి ఉంటుంది, తెరకి ఇవతల ఆమె తల మీద అబ్బాయి చెయ్యి. ఆ ముద్ద నెత్తి మీద ఆనినప్పుడు ఇద్దరి కళ్లూ ఒక్కసారి పైకి లేస్తాయి, తెర దిగుతుంది, ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. ఇదంతా కొన్ని సెకన్లు. మన పెళ్లికి సుముహూర్తం అంటే అదే, తాళి ఆ తరవాతే. ఆ కొన్ని సెకన్లలో మీవాడి ఫ్రేములో వాళ్ల వీడియోవాడి మోచెయ్యి, వాళ్లవాడి ఫ్రేములో మీవాడి వీపు. ఇద్దరి ఆల్బమ్‌లూ పాడు.

ఇది కాక ఫ్లాషుల గొడవ ఉంది, బయటివాళ్లకి తెలియదు. ఇద్దరూ ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించే ఒకే కంపెనీ ట్రిగ్గర్ వాడుతూ ఒకే ఛానెల్‌లో ఉంటే వాడు బటన్ నొక్కితే వీడి స్టాండు మీద ఫ్లాష్ వెలుగుతుంది. బ్యాటరీ అరగంటలో ఖాళీ, సరిగ్గా తాళి కట్టే వేళకి ఫ్లాష్ చార్జ్ అవ్వక ఫొటో నల్లగా వస్తుంది. ముందే ఇద్దరూ మాట్లాడుకుని ఛానెళ్లు మార్చుకుంటే రెండు నిమిషాల పని. ఎవరూ మాట్లాడుకోరు, ఎందుకంటే ఆడపెళ్లివాళ్ల కెమెరావాడికీ మగపెళ్లివాళ్ల కెమెరావాడికీ కూడా వియ్యాలవారి మర్యాదలు ఉంటాయి మరి!

కాబట్టి ఎవర్ని పెట్టుకోవాలో తేల్చే ముందు మీ నాన్నగారి చేత వియ్యంకుడుగారికి ఒక ఫోన్ చేయించండి. మండపం వరకూ ఒకే టీమ్, ఖర్చు చెరిసగం అనండి. ఒప్పుకుంటే మీ లక్షా 20 వేలు రెండు లక్షల పని చేస్తుంది.

గంటస్తంభం_సెంటర్
ఒప్పుకోరండీ. మా ఇంట్లో ఇదే అడిగితే "మా వీడియో మాకుండొద్దా" అన్నారు. పరువు సంగతి.

పొందూరు_కోడలు
పరువు సంగతి పక్కన పెట్టండి, అడిగితే తప్పేముంది. మా మరిది పెళ్లిలో రెండు పక్షాలూ కలిపి ఒకే టీమ్, ఏ గొడవా లేదు. కాకపోతే ఫోన్ పెద్దవాళ్లే చేయాలి, మనలాంటి కుర్రవాళ్లు చేస్తే "ఖర్చు తగ్గించుకుంటున్నార్రా" అనుకుంటారు.

నేను చెప్పాల్సింది వేరే. వైజాగ్ టీమ్ వద్దనను కానీ, వాళ్లని గ్రూప్ ఫొటోల గురించి అడిగారా? నా పెళ్లికి అచ్చంగా రీల్స్ చూసి ఒక పెద్ద టీమ్‌ని పెట్టారు (పేరెందుకులెండి). ఫొటోలు చూస్తే నా గోరింటాకు చేతులు పదిహేను రకాలు, కాలి మెట్టెలు, పూలజడ వెనకనుంచి, దీపం వెనక మసకగా నేను, అన్నీ బావున్నాయి. మా తాతయ్య అక్షింతలు వేస్తున్న ఫొటో ఒక్కటి లేదు. ఆయన పొందూరు ఖద్దరు పంచె కట్టుకుని, కర్ర ఊతంగా స్టేజీ ఎక్కి వచ్చారు, అందరూ చేయి అందించారు, ఆ టైములో టీమ్ అంతా మా ఆయన ఫ్రెండ్స్ డాన్స్ దగ్గర ఉంది. ఒక ఫొటో మాత్రం దొరికింది, అందులో ఆ పంచె మడత మడతా తెల్లగా కాలిపోయి, ముఖం చీకట్లో. మా అమ్మ ఆల్బమ్ తిరగేసి "ఇందులో మనవాళ్లేరే?" అంది.

అందుకని కాండిడ్ ఒక్కటే పెట్టుకోకండి. వరసగా నిలబెట్టి, "బాబూ కొంచెం జరగండి, అమ్మా ఇటు చూడండి" అని కేకలేసి తీసే మనిషి ఒకరు ఉండాలి. ఆ ఫొటోలే పదేళ్ల తరవాత చూస్తాం.

అరసవిల్లి_పిల్ల
అక్కా మీరు చెప్పింది నిజమే కానీ అందరూ కర్రల్లాగ నిలబడిన ఆల్బమ్ మా పెద్దమ్మ ఇంట్లో ఉంది, ఎవరూ తీసి చూడరు. పెళ్లి చెల్లిది కదా, ఆమెకి నచ్చింది చేయండి అన్నయ్యా. డబ్బు నాన్నది అయినా ఫొటోలో ఉండేది తను.

పొందూరు_కోడలు
ఆమెకి నచ్చిందీ ఉండాలి, అమ్మకి కావలసిందీ ఉండాలి, అందుకే ఇద్దరు అంటున్నా తల్లీ. ఒక ట్రెడిషనల్, ఒక కాండిడ్.

చీపురుపల్లి_ప్యాసింజర్
రీల్స్ సంగతి ఒకటి. నిమిషం టీజర్ ఎవడైనా బాగా చేస్తాడు, పది పెళ్లిళ్లలోంచి ఏరిన ముక్కలు అవి, అందులో సగం ప్రీవెడ్డింగ్, పొద్దున ఆరింటి ఎండలో తీసినవి. మీరు అడగాల్సింది "ఒకే పెళ్లివి మొత్తం ఫొటోలు చూపించు, అందులో రాత్రి ముహూర్తం ఉండాలి, కల్యాణ మండపంలో కాకుండా ఊళ్లో పందిరి కింద జరిగింది అయితే మరీ మంచిది" అని. ఫోల్డర్ తెరిచి మధ్యలోంచి చూడండి. తలంబ్రాల దగ్గర ముఖాలు కనబడుతున్నాయా, బిందెలో ఉంగరం తీసేటప్పుడు ఇద్దరూ ఫ్రేములో ఉన్నారా, అప్పగింతలప్పుడు తెల్లవారుజామున ఏం తీశాడు. చాలామందికి అప్పగింతలు వచ్చేసరికి ఓపిక అయిపోతుంది, బ్యాగులు సర్దేస్తారు.

రెండోది, వచ్చేది ఎవరు? మాఘంలో మంచి ముహూర్తానికి ఒకే స్టూడియోకి నాలుగైదు పెళ్లిళ్లు ఉంటాయి. ఓనర్ మీతో మాట్లాడతాడు, కాఫీ ఇస్తాడు, ఆల్బమ్‌లు చూపిస్తాడు, పెళ్లిరోజు ఎవరో ఫ్రీలాన్సర్ కుర్రాడు దిగుతాడు, వాడికి మీ ఇల్లెక్కడో కూడా తెలీదు. మా అక్క పెళ్లికి వచ్చినవాడు బయటి రాష్ట్రం కుర్రాడు, మంచివాడే పాపం, కానీ స్నాతకం ఏదో కాశీయాత్ర ఏదో తెలియక మా బాబాయి పక్కన నిలబడి "ఇప్పుడు తియ్యి, ఇప్పుడు తియ్యి" అని చెప్పాల్సి వచ్చింది. ఎవరు వస్తారో వాళ్ల పేరు కాగితం మీద రాయించుకోండి, వాళ్లు తీసిన పెళ్లే చూపించమనండి.

లెన్స్_మాస్టారు
ప్యాసింజర్ గారు చెప్పిందంతా నిజం, మా వృత్తివాళ్లకి కోపం వచ్చినా సరే.

రాత్రి ముహూర్తం కాబట్టి లైట్ల గురించి కూడా చెప్తా. డెకరేషన్ వాళ్లు ఇప్పుడు మండపం మీద ఊదా, నీలం రంగుల స్టేజీ లైట్లు కొడుతున్నారు. కళ్లకి బావుంటుంది. పసుపు రాసిన ముఖం మీద నీలం పడితే ఫొటోలో బూడిద రంగు వస్తుంది, ఎంత ఎడిటింగ్ చేసినా ఆ రంగు పూర్తిగా పోదు. చిన్నచిన్న ఎల్‌ఈడీలతో ఇంకో తంటా, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ స్పీడ్ 1/50, 1/100 సెకను లాంటి చోట ఉంచకపోతే చాలాసార్లు ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి. తెలిసినవాడు వచ్చిన వెంటనే రెండు ఫొటోలు తీసి చూసుకుని సర్దుకుంటాడు, తెలియనివాడు ఇంటికెళ్లాక చూస్తాడు. మీరు చేయగలిగింది ఏంటంటే, పందిరివాళ్లకి ముందే చెప్పండి, మండపం పైన మాత్రం మామూలు పసుపుతెలుపు లైట్లు, రంగులు చుట్టూ పెట్టుకోమని. జనరేటర్ కూడా అడగండి, లైట్లన్నీ దాని మీద ఉన్నాయా, మైకు ఒక్కటే ఉందా అని.

కెమెరా మోడల్ అడిగి లాభం లేదంటారు చాలామంది, నేను ఒక్కటి మాత్రం అడగమంటాను: రెండు మెమరీ కార్డులు పడతాయా? సోనీ ఏ7 త్రీ, కానన్ ఆర్6 లాంటివాటికి రెండు స్లాట్లు ఉంటాయి, అలా సెట్ చేసుకుంటే ఒకే ఫొటో రెండింటిలో పడుతుంది. కానన్ ఆర్‌పీ, మొదటి నికాన్ జడ్6 లాంటివాటికి ఒక్కటే. ఒక్కటున్నవాడు చెడ్డ ఫొటోగ్రాఫర్ అని కాదు, కార్డు పోతే మీ పెళ్లీ పోతుంది అంతే. ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లోకి, ఇంకో డిస్క్‌లోకి కాపీ చేస్తావా అని అడగండి. "చూద్దాం సార్" అంటే ఇంకొకడిని చూసుకోండి.

టెక్కలి_టు_టెక్సాస్
కార్డు మాట వచ్చింది కాబట్టి. మా తమ్ముడి పెళ్లి వీడియో మొత్తం ఒకే హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాడు ఒక స్టూడియో ఆయన, అది కింద పడింది. రిసెప్షన్ మిగిలింది, పెళ్లి పోయింది. ఆయన డబ్బు వెనక్కి ఇచ్చేశాడు, ఒప్పుకోవాలి, కానీ అమ్మ అప్పటికి ఆ వీడియో ఒక్కసారి కూడా చూడలేదు. మిగిలింది మేం ఇక్కణ్ణుంచి లైవ్‌లో చూస్తూ ఫోన్‌తో రికార్డు చేసిన ముక్కే.

లైవ్ పెట్టిస్తే ఇంకో రెండు జాగ్రత్తలు. ఊళ్లో పెళ్లంటే అందరి ఫోన్లూ ఒకే టవర్ మీద పడతాయి, సిమ్ డాంగిల్ మీద ఆధారపడితే సరిగ్గా ముహూర్తానికి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పక్కింట్లో ఫైబర్ నెట్ ఉంటే వాళ్లని అడిగి వైరు లాగించండి. ఇంకా బ్యాండువాళ్లు సినిమా పాట వాయిస్తే యూట్యూబ్ కాపీరైట్ అని లైవ్‌ని ఆపొచ్చు, తరవాత వీడియోకి సౌండ్ తీసేయొచ్చు. మంత్రాలు, సన్నాయి వినబడేలా మండపం దగ్గర వేరే మైకు పెట్టించండి.

నాగావళి_గట్టు
అందరికీ చాలా థాంక్స్, ఇంత ఉంటుందని తెలీదు. ఊళ్లో స్టూడియో అబ్బాయిని వెళ్లి కలిశాను. రాత్రి ముహూర్తం ఫోల్డర్ చూపించమంటే కాస్త ఆశ్చర్యపోయాడు, ఇంతవరకూ ఎవరూ అడగలేదట. నరసన్నపేట దగ్గర ఊళ్లో తీసింది చూపించాడు. గ్రూప్ ఫొటోలు బావున్నాయి, ముఖాలన్నీ కనబడుతున్నాయి, జీలకర్ర బెల్లం కూడా దొరికింది. కాండిడ్ మాత్రం పెద్దగా లేదు, అతనే ఒప్పుకున్నాడు, "అది నా పని కాదన్నా, కావాలంటే నాకు తెలిసిన కుర్రాడిని తెస్తాను" అన్నాడు.

వైజాగ్ టీమ్‌ని అదే అడిగితే "ప్రైవసీ వల్ల పూర్తి పెళ్లి చూపించలేం" అన్నారు. అది నిజమేనా, తప్పించుకోవడమా?

లెన్స్_మాస్టారు
సగం నిజం. ఫోల్డర్ మీ ఫోన్‌కి పంపడం తప్పు, అది వాళ్ల కస్టమర్ల ఫొటోలు. ఆఫీసులో కూర్చోబెట్టి, ఆ కస్టమర్‌ని అడిగి చూపించడానికి అడ్డేమీ లేదు. ఏదో ఒక కుటుంబం ఒప్పుకుంటుంది. ఒక్కరు కూడా ఒప్పుకోకపోతే అది వేరే కథ.

మీ స్టూడియో అబ్బాయి "అది నా పని కాదు" అన్నాడు చూడండి, నాకు అక్కడ నచ్చాడు.

అరసవిల్లి_పిల్ల
ప్రీవెడ్డింగ్ సంగతేంటి? కళింగపట్నంలో తీయిస్తే బావుంటుంది కదా.

లెన్స్_మాస్టారు
తీయించండి, కానీ తెల్లవారుజామున. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం వెళ్తే ఆ రంగులు సముద్రం వైపు ఉండవు. సాలిహుండం కొండ కూడా దగ్గరే, అక్కడ మాత్రం స్టాండులూ లైట్లూ దించే ముందు అనుమతి సంగతి కనుక్కోండి, బౌద్ధ స్థూపాల మీద ఎక్కి పోజులు అసలు వద్దు.

వకీలు_కోట_జంక్షన్
ఆలస్యంగా చూశాను. కాగితం గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

ఒకటి, ఫొటోలు ఎవరివి? 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి మన కోరిక మీద తీయించుకున్న ఫొటోకి, వీడియోకి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. "వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాట చూసుకోండి. కొన్ని టీమ్‌ల ఫారంలో కింద చిన్న అక్షరాల్లో హక్కులన్నీ స్టూడియోవని, ఎక్కడైనా వాడుకుంటామని ఉంటుంది. సంతకం పెట్టే ముందు అది కొట్టేయించండి. చెల్లెలి ఫొటో ఇన్‌స్టాలో పెట్టాలంటే ముందు అడగాలి అని మీరే ఒక వాక్యం రాయించండి. నిండా నలుగుపిండితో మంగళస్నానం చేస్తున్న పిల్ల ఫొటో వాళ్ల పేజీలో చూసి ఏడ్చినవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

రెండు, డబ్బు. మొత్తం ముందే ఇవ్వకండి, రశీదు లేకుండా ఇవ్వకండి. అడ్వాన్స్ కొంత, పెళ్లిరోజు కొంత, ఆల్బమ్, ఫైళ్లు చేతికొచ్చాక మిగిలింది. ఫోన్‌పేలో ఇస్తే అందులోనే "పెళ్లి ఫొటోల అడ్వాన్స్" అని రాయండి.

మూడు, గొడవ వస్తే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, స్టూడియో వైజాగ్‌లో ఉన్నా సరే. మీరిచ్చిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, చాలా వాటికి అక్కడే తెమిలిపోతుంది.

లెన్స్_మాస్టారు
వకీలుగారూ, మా వైపు మాట కూడా వినాలి. ఆల్బమ్ ఇచ్చాకే మిగిలింది ఇస్తామంటారు, బానే ఉంది, కానీ ఫొటోల సెలెక్షన్ ఏడాదైనా పంపరు. నాలుగు వేల ఫొటోలు ఇస్తాం, అందులో మూడు వందలు ఏరమంటాం, అత్తగారు వాళ్లవి ఏరతారు, అమ్మగారు వీళ్లవి ఏరతారు, ఇంతలో అమ్మాయికి సీమంతం కూడా అయిపోతుంది. అప్పటిదాకా నా డబ్బు అక్కడే. నా షాపులో తీసుకువెళ్లని ఆల్బమ్‌లు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. కాబట్టి కాగితంలో రెండు వైపులా గడువు రాయండి: ఇన్ని రోజుల్లో ఫొటోలు ఇస్తాం, ఇన్ని రోజుల్లో మీరు సెలెక్షన్ పంపాలి, పంపకపోతే మిగిలింది ఇచ్చేయాలి, ఆల్బమ్ మాత్రం తరవాత చేసిస్తాం. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్ల ఆల్బమ్‌లు చాలావరకు ఆషాఢంలో కదులుతాయి, అప్పుడే మాకు తీరిక. ఈ ఉగాదికే కావాలంటే ఎవరూ చేయరు, చేస్తామన్నవాడు అబద్ధం చెప్తున్నాడు.

ఆల్బమ్‌కి ఇన్ని షీట్‌లు అన్నప్పుడు కూడా అడగండి. 40 షీట్‌లు అంటే 80 పేజీలు, కొందరు 40 పేజీలనే 40 షీట్‌లు అన్నట్టు మాట్లాడతారు. 12 బై 36 అంటే తెరిచినప్పటి కొలత, అంగుళాల్లో. అదనపు షీట్‌కి ఎంత అనేది ఇప్పుడే రాయించుకోండి, తరవాత అడిగితే రేటు మాది.

రాజాం_బుల్లోడు
మాస్టారూ మీరు నిజం సెప్పేస్తన్నారు, మీ అసోసియేషన్ వాళ్లు చూస్తే అయిపోతారు 😀

డ్రోన్ వద్దా మరి? మా వూళ్లో డ్రోన్ ఎగరకపోతే పెళ్లే కాదంటన్నారు.

చీపురుపల్లి_ప్యాసింజర్
రాత్రి పెళ్లికి డ్రోన్ దేనికండీ, పైనుంచి షామియానా బట్ట కనబడుతుంది. కావాలంటే సాయంత్రం ఎదురుసన్నాహానికి, వెలుతురు ఉండగా ఒక పది నిమిషాలు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటినది డబ్బు తీసుకుని ఎగరేయాలంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో అయినా అనుమతి లేకుండా 400 అడుగులు దాటకూడదు. డ్రోన్లకి ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు ఏ రంగులో ఉందో చూసుకోండి, భోగాపురం ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల పెళ్లయితే తప్పకుండా. తలంబ్రాలప్పుడు కిందకి దింపొద్దని చెప్పండి, ఆ గాలికి హోమం నిప్పురవ్వలు లేస్తాయి, పంతులుగారు లేచి వెళ్లిపోతారు.

నాగావళి_గట్టు
అప్‌డేట్. నాన్న వియ్యంకుడుగారికి ఫోన్ చేశారు. వాళ్లు వీడియోకి అడ్వాన్స్ ఇచ్చేశారట, వెనక్కి తీసుకోలేమన్నారు, ఫొటోలకి ఇంకా ఎవరికీ చెప్పలేదట. పావుగంట అటూ ఇటూ మర్యాదలు అయ్యాక తేలింది ఏంటంటే, మండపం దగ్గర వీడియో వాళ్లది, ఫొటోలు మావి, రెండూ ఇద్దరికీ. వాళ్ల వీడియో ఆయన నంబరు ఇచ్చారు, మా స్టూడియో అబ్బాయి చేత మాట్లాడించి ఛానెళ్లు, లైట్లు, ఎవరు ఏ పక్క నిలబడాలో చెప్పిస్తాను. ఊళ్లో స్టూడియోని ట్రెడిషనల్‌కి ఖాయం చేశాను, వీడియో మా ఇంటి దగ్గర కార్యక్రమాలకే కాబట్టి 55కి దిగాడు. కాండిడ్‌కి అతను చెప్పిన అమ్మాయి ఒకామె ఉంది, ఆముదాలవలస. "కుర్రాడు" అన్నాడు కానీ అమ్మాయి! ఆమె పనిచేసిన రాత్రి పెళ్లి ఒకటి మొత్తం చూశాం, చెల్లికి నచ్చింది, 40 వేలు. ఆడవాళ్ల గదిలో గౌరీపూజ, పెళ్లికూతుర్ని ముస్తాబు చేయడం అవన్నీ అమ్మాయి అయితే మొహమాటం లేకుండా తీస్తుందని అమ్మ ఎక్కువ సంతోషపడింది. వైజాగ్ టీమ్‌కి వద్దని చెప్పేశాం.

పొందూరు_కోడలు
చాలా మంచి పని. ఇప్పుడు రెండు పనులు చెయ్యండి. ఎవరెవరి గ్రూప్ ఫొటోలు తప్పక కావాలో అమ్మ దగ్గర కూర్చుని రాయండి, మీ పక్షంలో అందరినీ గుర్తుపట్టే మనిషిని ఒకరిని ఆ కెమెరా అబ్బాయి పక్కన పెట్టండి. మేనమామ బుట్టలో పెళ్లికూతుర్ని తెస్తారు కదా, ఆయన ఎవరో ఆ అబ్బాయికి ముందే చూపించండి. రెండోది, వాళ్ల భోజనం. రాత్రంతా నిలబడేవాళ్లు, బంతి అయిపోయాక మిగిలింది పెడతామంటే అప్పగింతల టైముకి ఏం తీస్తారు పాపం. ఎనిమిదిన్నరకే కూర్చోబెట్టమని వంటవాళ్లకి చెప్పండి. తెల్లవారాక తిరుగు ప్రయాణానికి బస్సులో వాళ్లకి సీట్లు ఉంచండి, అమ్మాయిని ఒంటరిగా బండి మీద పంపకండి.

వకీలు_కోట_జంక్షన్
"రెండూ ఇద్దరికీ" అన్నది ఫోన్ మాటేనా? వీడియో ఒరిజినల్ ఫైళ్ల కాపీ మీకూ ఒక డిస్క్‌లో ఇవ్వాలని వాళ్ల వీడియో ఆయనకి ఇచ్చిన కాగితంలో రాయించండి, డిస్క్ మీరే కొని ఇవ్వండి. వియ్యాలవారి మధ్య ఇలాంటి చిన్నవాటికే మాటలు పెరుగుతాయి.

నాగావళి_గట్టు
నిజమే సార్, రాయించమని చెప్తాను. 2 టీబీ సరిపోతుందా?

లెన్స్_మాస్టారు
4కేలో తీస్తే, రెండు కెమెరాలైతే, రాత్రంతా కలిపి ఒక టీబీ లోపే ఉండాలి, 2 తీసుకోండి. ఫొటోలు వాట్సాప్‌లో పంపమనకండి, సైజు తగ్గిపోతుంది, తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపమనండి.

పార్వతీపురం_పాప
మాస్టారూ, వైశాఖంలో మా అక్క పెళ్లి, పార్వతీపురంలో, అది పగటి ముహూర్తం. మీరు ఖాళీయేనా? రేటు ఎంత?

లెన్స్_మాస్టారు
ఇక్కడ బేరాలు మాట్లాడితే అడ్మిన్ గారు తీసేస్తారమ్మా. తేదీ, ఊరు, పెళ్లి ఎవరింటి దగ్గరో మెసేజ్‌లో పెట్టండి. అన్నట్టు అవతలి పక్షం ఎవర్ని పెట్టారో కూడా కనుక్కుని రాయండి.